చివరి బీము పేరు

(మహారాష్ట్రలోని భివండి, 2006. లస్మయ్య సేఠ్ కార్ఖానాలో మరమగ్గాలు బాగుచేసే జాబర్‌గా పనిచేసి విరమించిన అంకుశం, సంఘం హాలులో తనకు జరిగిన సన్మానానికి జవాబుగా మాట్లాడినది.)

ఈ సభకు పెద్దగా కూర్చున్న మన సంఘం అధ్యక్షులు సిద్ధిరాములు గారికి, ఇన్నేళ్ళలో మొదటిసారి నా పక్క కుర్చీలో కూర్చున్న మా సేఠ్ లస్మయ్య గారికి (నవ్వులు), ఎదురుగా ఉన్న పెద్దలకు, సాంచాల చప్పుడులో నాతోపాటు చెవుడు తెచ్చుకున్న మిత్రులకు, కండెలు చుట్టే అక్కచెల్లెళ్ళకు, ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చుని నేను నోరు తెరిచినప్పటి నుంచి రెప్ప వేయని నా భార్య రామవ్వకు నా నమస్కారాలు.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నాకు భయంగా ఉంది. మైకు అంటే భయం కాదు. ఆదివారం ఆదివారం మన సంఘం లైబ్రరీ తలుపు తీసి కూర్చున్న పుణ్యానికి నాకు పుస్తకాల భాష అంటుకుంది, మైకు దొరికితే అదే బయటికొస్తుంది. వెంకవ్వ వదిన ఇందాకే అన్నది, "ఈయన మైకు పట్టుకుంటె మనిషి పోయి రేడియో అయితడు" అని. (నవ్వులు) కాబట్టి మాట్లాడటం కష్టం కాదు. మాట్లాడటం అయిపోయేలోపల ఒక పేరు చెప్పాలి, అదీ నా భయం. ఆ పేరు ఏమిటో పొద్దున నిద్ర లేచినప్పుడు నాకు తెలియదు, ఈ శాలువా కప్పినప్పుడూ తెలియదు, నిజం చెప్తున్నాను, ఇప్పటికీ తెలియదు.

కార్ఖానా మొహం చూడని పిల్లలు కొందరు ఇక్కడున్నారు, గోదాముల్లో మా అబ్బాయి సురేశ్‌తో పనిచేసే వాళ్ళు, వాళ్ళ కోసం కొంచెం విడమరిచి చెప్తాను. సాంచా అంటే మరమగ్గం. సాంచా మీదికి కొత్త బీము, అంటే నిలువు పోగులన్నీ చుట్టిన ఇనుప కడ్డీ, ఎక్కించి పాత పోగుకు కొత్త పోగు అతికేటప్పుడు మా దగ్గర అగర్బత్తి వెలిగిస్తారు. అప్పుడు ఆ సాంచా నడిపే మనిషి జాబర్ చెవిలో ఒక పేరు చెప్తాడు. దేవుడి పేరు కాదు. ఆ బీము నేస్తే వచ్చే కూలిలో తిండికీ ఉండే ఖోలీ కిరాయికీ పోగా మిగిలేది దేనికోసం దాచాలో, ఆ పేరు. ఇల్లు అనొచ్చు, బిడ్డ చదువు అనొచ్చు, కుట్టు మిషను అనొచ్చు. బీము అయిపోయేదాకా పేరు మార్చకూడదు. ఆ పేరు మీద దాచినది ఇంకోదానికి ముట్టకూడదు. ఇంకొకటి, బీము పూర్తికాకుండా మధ్యలో కోసి దింపాల్సి వస్తే, ఆ పేరు మళ్ళీ ఏ బీముకూ పెట్టకూడదు. దీన్ని ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ మా నాయన కాలానికే ఉంది, ఆయనా ఎవరినీ అడిగినట్టు లేడు.

ఇక పని మానేసే మనిషి చివరి బీము సంగతి వేరు. దాన్ని అతను ఎక్కిస్తాడు, నేయడు. తోటివాళ్ళు తలా ఒక పాళీ, అంటే ఒక షిఫ్టు, వచ్చి నేసి ఆ కూలి అతనికిస్తారు. దాని పేరు చెవిలో చెప్తే చెల్లదు, సభలో చెప్పాలి. అతను అంతవరకూ ఏ పేరు మీద ఏది దాచుకున్నా, పని మానేసేటప్పుడు సేఠ్ చేతుల మీదుగా వచ్చే పైసలతో కలిపి, అంతా ఆ చివరి పేరు కిందికే వెళ్ళిపోతుంది. నా చివరి బీము ఇవాళ పొద్దున మూడో నంబరు సాంచా మీద ఎక్కించి వచ్చాను.

(వెనక నుంచి ఎవరో: "పేరు చెప్పు మరి, అంకుశమన్నా!")

చెప్తాను తమ్ముడూ, తొందరపడకు. నీ పేర్లన్నీ నా చెవిలో ఉన్నాయి, మర్చిపోకు. (నవ్వులు)

నిజంగానే ఉన్నాయి. ఈ హాలులో కూర్చున్న వాళ్ళలో సగం మందికి ఏం కావాలనిపించిందో వాళ్ళ ఇంట్లో వాళ్ళకంటే నాకే ముందు తెలుసు. సిద్ధిరాములు గారు అధ్యక్షులు కాకముందు, సాంచా నడిపే రోజుల్లో, వాళ్ళ అమ్మకు పళ్ళ సెట్టు కట్టించాలని ఒక బీము పేరు పెట్టారు. పళ్ళొచ్చాక ఆ ముసలమ్మ మొట్టమొదట కొడుకునే తిట్టింది, ఆ తిట్లు మా కార్ఖానా దాకా వినిపించాయి. (నవ్వులు) ఇంకొకరు, పేరు చెప్పను, ప్రపంచ కప్పు చూడటానికి రంగుల టీవీ అని పెట్టారు. కరెంటు కోతల్లో బీము నత్త నడక నడిచి, టీవీ ఇంటికొచ్చేసరికి కప్పు ఎవరో ఎత్తుకుపోయారు. అమిత్, నువ్వు నవ్వకు. నువ్వు పుట్టకముందే మీ నాయన నీ స్కూలు పేరు మీద బీము ఎక్కించాడు, ఆ స్కూలుకు నువ్వు ఎన్నిరోజులు పోయావో చెప్పమంటావా? (నవ్వులు, చప్పట్లు)

మా ఇంట్లోనూ అట్లాగే గడిచింది. మొదట ఖోలీ. తరవాత మా అమ్మాయి స్వర్ణ నర్సు చదువు. తరవాత సురేశ్ చదువు. జాబర్‌నైనాక కూడా నేను రెండు సాంచాలు వదల్లేదు, ఈ పేర్ల కోసమే. అందరి పేర్లూ నా చెవిలో చెప్తారు కదా, మరి నా బీము పేరు ఎవరి చెవిలో చెప్పాలి? రామవ్వ అదే షెడ్డులో కండెలు చుట్టేది. బీము ఎక్కించిన రోజు ఆమె మిషను ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చెవి అందించేది. ఇద్దరం అనుకున్న పేరే అయినా, కొత్తగా విన్నట్టు తల ఊపేది.

తొంభై ఆరులో ఒకసారి నేను చెప్పలేదు. "పిల్లలవన్నీ ఒడ్డున పడ్డాయి, ఈసారి పేరు నువ్వు చెప్పు" అన్నాను. ఆమె చుట్టూ చూసి, సిగ్గుపడి, నా చెవిలో చెప్పింది. ఖానావళి. రొట్టెలూ పప్పూ చేసి పెట్టే చిన్న భోజనాల దుకాణం, ధామన్కర్ నాకా దగ్గర, ఒంటరిగా ఉండే మన ఊరి పిల్లల కోసం. పేరు కూడా ఆలోచించి పెట్టుకుంది. రామవ్వ ఖానావళి. అన్నేళ్ళు కలిసి బతికి, ఆమెకు అట్లాంటి కోరిక ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడే గిరాకీ పడిపోయింది. సేఠ్ గారూ, ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, మీ పరిస్థితి నాకు తెలుసు. కార్ఖానాలో సగం సాంచాలు భంగారుకు, పాత ఇనుము కిందికి, పోయాయి. తూకానికి అమ్మిన వాటిలో నా రెండూ ఉన్నాయి, ఒకదాని మీద ఆ బీము సగం కూడా కాలేదు. జాబర్ని నేనే కాబట్టి కత్తెర నా చేతికే ఇచ్చారు. పోగులు కోస్తుంటే రామవ్వ తన మిషను దగ్గర నిలబడి చూసింది. ఇంటికి పోతుంటే దారిలో, "సరే తియ్యి, నాకెందుకు దుకాణం" అంది. ఆ పేరు మళ్ళీ మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

మంచినీళ్ళు ఇవ్వు బాబూ.

ఆహ్వానపత్రంలో, "అంకుశం గారు పొదుపు గురించి నాలుగు మాటలు చెప్తారు" అని అచ్చు వేశారు. సోమయ్య సంగతి చెప్పకుండా నేను పొదుపు గురించి చెప్పలేను. అతని భార్య పెంటవ్వ ఇక్కడే ఉంది, ఆమెను అడిగే చెప్తున్నాను. సోమయ్య నా పక్క సాంచాల మీద ఉండేవాడు. ఎప్పుడు బీము ఎక్కించినా ఒకటే పేరు చెప్పేవాడు, అంజూర్ ఫాటాలో ఖోలీ, లోపలే నల్లా ఉండాలి అని. బీము వెనక బీము ఆ నల్లా కోసమే నేశాడు. చివరి కిస్తు కట్టాల్సిన చలికాలంలో దగ్గు మొదలైంది. నూలు దుమ్ము తిన్న మనందరికీ ఉండే దగ్గే అనుకున్నాం. తగ్గలేదు. నేను వెళ్ళి చెప్పాను.

"సోమన్నా, కిస్తు ఆపు. ఆ పైసలు తీస్కొని పెద్ద దవాఖానకు పోదాం పా."

"అవి ఖోలీ పైసలురా. రోగం పైసలు కావు."

"నీకు నవ్వులాటగున్నదా?"

"నవ్వులాట ఎట్లయితది? నీ చెవిల చెప్పిన మాట గదా. నువ్వే వచ్చి తప్పుమంటవా?"

నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. పెంటవ్వ ఏడ్చింది. కిస్తు కట్టాకే దవాఖానకు వచ్చాడు, అప్పటికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది. పాలు పొంగించిన రోజు ఆ ఖోలీలో సోమయ్య ఫోటో ఉంది, సోమయ్య లేడు. పెంటవ్వ ఇప్పుడు అక్కడే ఉంటుంది. ఖోలీ బాగుంది. నల్లా లోపలే ఉంది.

ఆ తరవాత నాకు పట్టుకుంది భయం. మా ఖోలీల వరసలో, చాలీలో, ఎవరు రెండుసార్లు దగ్గినా అన్నం ముద్ద ఆగిపోయేది. మిగిలిన సాంచాల్లో మళ్ళీ నాకు రెండు దొరికాయి, వాటి మీద బీము ఎక్కించిన రోజు రామవ్వ వచ్చి చెవి పెట్టింది. "ఏం పేరు?" అంది. "భయం" అన్నాను. ఆమె నవ్వింది, నేను నవ్వలేదు. రోగమొస్తే, సాంచా ఆగితే, సురేశ్‌ను గోదాములో తీసేస్తే, దేనికైనా పనికొచ్చేట్టు, భయం. తరవాతి బీముకూ అదే పేరు. ఆ తరవాత దానికీ అదే. నాలుగోసారికి ఆమె మిషను ఆపి లేచి రాలేదు, కూర్చున్న చోటి నుంచే "గదే గదా" అంది.

మా ఇంట్లో స్వర్ణకంటే, సురేశ్‌కంటే ఎక్కువగా పెరిగింది ఆ భయం పేరు మీద దాచినదే. పండక్కి చీర అంటే భయంలోంచి తీయకూడదు. స్వర్ణ ఉద్యోగంలో చేరాక అమ్మను ఎక్కడికైనా తిప్పుకొస్తానంటే, నీ జీతం కూడా భయంలో వెయ్యమని చెప్పిన తండ్రిని నేను. దాచిన కొద్దీ భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదండీ. దాచినదాన్ని కూడా కాపలా కాయాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పూర్ణలో గోదాముల ఎదురుగా ఒక గాలా, అంటే షట్టరున్న గది, ఖాళీ అయింది. సురేశ్ చూసి వచ్చాడు. అక్కడ వందల మంది పిల్లలు మధ్యాహ్నం వడాపావ్ తిని పెట్టెలు మోస్తున్నారు, అన్నం పెట్టేవాళ్ళు లేరు. వాడు ఇంటికొచ్చి ఈ మాట వాళ్ళమ్మకు చెప్తుంటే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను, నిద్రపోలేదు. మర్నాడు రామవ్వ తానే బస్సెక్కి వెళ్ళి చూసుకుని వచ్చింది. గాలా యజమాని రేపు పొద్దున్నే జవాబు చెప్పమన్నాడు, వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారట. డిపాజిట్టుకూ గిన్నెలకూ మా దగ్గరున్నదంతా కావాలి. అంతా అంటే అంతా. భయానికి ఏమీ మిగలదు.

ఇవాళ పొద్దున నా చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది.

"సభల ఏం పేరు చెప్తవు?"

"సూద్దాం."

"సూసుడేంది? నీ నోట్ల ఉన్నది నీకు ఎరుక లేదా?"

"తెగిన బీము పేరు రామవ్వా అది. మల్ల ఎట్ల పెడ్త?"

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. చొక్కా నా చేతికిచ్చి పోయింది.

అందుకే ఇందాక చాయ్ తాగేటప్పుడు సిద్ధిరాములు గారిని మెల్లగా అడిగాను, తెగిన పేరు చివరి బీముకు పెట్టొచ్చా అని. ఆయన గ్లాసు కింద పెట్టి, "గట్ల ఎవ్వలు పెట్టలేదు అంకుశం, మనకెందుకు" అన్నారు. ఆయన మంచికే అన్నారు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నా అరచేతులు తడిగా ఉన్నాయి, ఇదిగో మైకు జారుతోంది.

భయం అని చెప్పి కూర్చోవడం తేలిక. ఎవరూ తప్పు పట్టరు, ముందుచూపున్న మనిషి అని ఇంకో శాలువా కూడా కప్పుతారు. రెండో పేరు చెప్తే? నాకు దగ్గొస్తే? ఖానావళి నడవకపోతే? ఇవన్నీ ఒక ఎత్తు, అన్నిటికన్నా పెద్ద భయం ఇంకోటుంది. దాన్ని పక్కన కూర్చున్న పెద్దమనిషిని అడిగితే గానీ తీరదు. సేఠ్ గారూ, ఇన్నేళ్ళలో మిమ్మల్ని నలుగురి ముందు ఏదీ అడగలేదు, ఇవాళ అడుగుతాను, ఏమీ అనుకోకండి. మొన్న భంగారు వ్యాపారి వచ్చి మూడో నంబరు సాంచాను తట్టి చూసి వెళ్ళాడు. నా చివరి బీము ఉన్నది దాని మీదే. ఆ బీము పూర్తయ్యేదాకా సాంచా అమ్మనని నాకు మాట ఇస్తారా?

(సభలో కదలిక. సేఠ్ తల వంచుకుని, మైకు లేకుండా: "మాటియ్యలేను అంకుశం. అబద్ధమెందుకు చెప్పాలె. నాకు గూడ భయమే ఉన్నది.")

వెనక వాళ్ళకు వినిపించిందా? మాట ఇవ్వలేను, నాకూ భయమే ఉంది అన్నారు. మీరు ఊరికే సరే అని ఉంటే ఇవాళ్టికి నాకు హాయిగా ఉండేది. అట్లా అననందుకు మీకు దండం. కానీ నేను ఇప్పుడేం చెయ్యను? అదే పేరు రెండోసారి పెట్టి, అదే కార్ఖానాలో, మళ్ళీ కత్తెర…

(ఆడవాళ్ళ వైపు నుంచి రామవ్వ లేచి: "బీము తెగితె తెగనియ్యి! రొట్టెలు బీము మీద చేస్తరా, పెంక మీద చేస్తరా?" పెద్దగా నవ్వులు, చప్పట్లు. రామవ్వ కూర్చోలేదు.)

అదిగో. (నవ్వులు) ఇంట్లో ఒక్కసారి కూడా ఇంత గట్టిగా మాట్లాడలేదు ఆమె.

కూర్చో రామవ్వా. కూర్చోదు. సరే.

పిల్లలూ, పొదుపు గురించి నాలుగు మాటలు అడిగారు, నాకు ఒకటే వచ్చు. భయానికి ఒక బీము ఇవ్వండి. తప్పకుండా ఇవ్వండి, సోమయ్య ఇచ్చి ఉంటే ఇవాళ ముందు వరుసలో కూర్చుని నన్ను ఏడిపించేవాడు. కానీ అన్ని బీములూ దానికే ఇవ్వకండి. నేను ఇచ్చాను, దానికి ఎంత పెట్టినా చాలదు. పేర్లు పెట్టుకోండి, పెట్టుకున్న పేరు కోసం కష్టపడండి, కానీ మనిషి మంచాన పడితే ఆ పేరును పక్కన పెట్టే ధైర్యం కూడా ఉంచుకోండి. మీ జాబర్ చెవి ఏమీ అనుకోదు.

సాంచా నంబరు మూడు. బీము ఇవాళ పొద్దున ఎక్కింది. పేరు, రామవ్వ ఖానావళి.

(రామవ్వ: "గట్టిగ చెప్పు. ఎనుకోళ్ళకు ఇనపడలె.")

రామవ్వ ఖానావళి!

(చాలాసేపు చప్పట్లు. పెంటవ్వ రామవ్వ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.)

చెప్పేశాను. చెప్పాక తేలికవుతుందనుకున్నాను, భయం ఇంకొంచెం పెరిగింది. ఇక మీకు చేతులెత్తి మొక్కుతున్నాను, పాళీలు తప్పించకండి. కరెంటు ఉన్న గంటల్లో సాంచాను ఆపకండి. ఆ భంగారు వ్యాపారి మళ్ళీ వచ్చేలోపల ఎంత నేయగలిగితే అంత నేయండి. తెగిందా, తెగనివ్వండి, మీరు నేసినంత కూలితో పెంక కొంటాం, మిగతాది ఆమె చూసుకుంటానంటోంది.

ఈ శాలువా కప్పిన సిద్ధిరాములు గారికి, అబద్ధం చెప్పని మా సేఠ్‌కు, నా చెవిని నమ్మి మీ కోరికలు చెప్పుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ పేర్లేవీ ఈ చెవి దాటి బయటికి పోవు, పళ్ళ సెట్టూ అమిత్ స్కూలూ తప్ప. (నవ్వులు) రేపు పొద్దున పూర్ణ వెళ్ళి గాలా తాళం తీసుకుంటాం, ఎల్లుండి నుంచి నేను రామవ్వ దగ్గర పనిలో చేరుతున్నాను. పగార్ ఎంతిస్తుందో ఆమె ఇంకా చెప్పలేదు, అడగాలంటే భయంగా ఉంది. అందరికీ సెలవు.